సూటిగా నిలవని పడవ

పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరైన తీజానీ, కెర్కెన్నా దీవిలోని తన ఇంటి పెరట్లో మూడేళ్లుగా పడవ కడుతున్నాడు. రోజూ సాయంత్రం దారం పట్టి, ఊత చెక్కలు బిగించి, అడుగు దూలాన్ని సూటిగా నిలబెడతాడు. తెల్లారేసరికి అది పక్కకు తిరిగి ఉంటుంది.

"కొయ్యకి చెమ్మ తగిలి తిరిగింది," అనేవాడు.

"చెమ్మ కాదు, మేస్త్రిగారి పనితనం చూసి దానికి తల తిరిగింది," అనేది భార్య మన్నూబియా, టీ పోస్తూ. "మనకంటే అడ్డంగా నడిచేది వస్తోందని ఒడ్డున పీతలు సంబరపడుతున్నాయట."

ఒకనాడు తెల్లవారుజామున నమాజుకు బయల్దేరిన తీజానీ, కళ్లజోడు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాడు. పెరట్లో మన్నూబియా ఇత్తడి రోకలితో ఊత చెక్కను కొడుతోంది. దెబ్బదెబ్బకీ దూలం పక్కకు జరుగుతోంది.

"ఇన్నాళ్లూ నువ్వేనా?"

ఆమె రోకలి దించలేదు. "మా అన్న పడవలో వెంట్రుకవాసి వంకర కూడా ఉండేది కాదు. ఎంత చక్కగా వెళ్లిందో. తిరిగి రావడమే మరిచిపోయింది."

తీజానీ వంగి దూలాన్ని ఒకసారి చేత్తో తడిమాడు. తర్వాత పనిముట్ల పెట్టె తెరిచి, సుత్తి తీసి ఆమె చేతికిచ్చాడు.

"దీంతో కొట్టు. రోకలికి సొట్ట పడితే అదీ నా పనితనమే అంటావు."