వైన్ ఊళ్లో రాతి ఇల్లు

"ఈ ఇల్లు కొనడానికి సంతకం పెట్టేస్తున్నా," అన్నాడు వేంకటాచలం, ఫోన్‌లో ఇటలీ కొండల మీది రాతి ఇంటిని చూపిస్తూ. "నాలుగొందల ఏళ్లుగా వైన్ చేస్తున్న ఊరు!"

"ఆ వాసనకే మీకు తల తిరుగుతుంది," అంది భార్య కనకదుర్గ. "బహ్రెయిన్‌లో ఈ అద్దింటి మెట్లే ఎక్కలేరు, కొండెక్కుతారా?"

బాత్రూంలో టైల్స్ వేయడానికి వచ్చిన మేస్త్రీ రాజనర్సు ఫొటోలోకి వంగి చూశాడు. "గోడ ఉబ్బింది సార్. లోపలికి నీళ్లు దిగుతున్నయి."

"ఇంజనీరు చూసి సర్టిఫికెట్ ఇచ్చాడయ్యా!"

"చూసే ఉంటాడు, వైన్ గ్లాసులోంచి," అంది కనకదుర్గ.

వేంకటాచలం ముఖం ముడుచుకుని మేస్త్రీ వైపు తిరిగాడు. "నువ్వైతే బాగుచేస్తావా?"

"చేస్త సార్. గని అండ్ల ఎన్ని రోజులుంటరు?"

"ఏడాదికో పది రోజులు."

"గట్లయితే ఎంత చేసినా నిలవది. మనుషులు మెసలని ఇల్లు చెమ్మ పట్టి పోతది. నేను గూడ జగిత్యాల కాడ కట్టుకున్న. పన్నెండేండ్లాయె. అన్ని సెలవులు కలిపితే అండ్ల ఆర్నెల్లు ఉన్న."

కనకదుర్గ కుర్చీ ఒకటి లాగి మేస్త్రీ వైపు జరిపింది.

వేంకటాచలం సంతకం పెట్టకుండానే ఫోన్‌లో ఒప్పందం పేజీ మూసేశాడు. "మీ ఇంటి ఫొటో ఉందా, రాజనర్సు గారూ?" అని అడిగాడు.