మైకు ముందు కూతురు

వాల్యూమ్ బటన్ మీద అతని రెండు వేళ్ళు ఆని ఉన్నాయి. కళ్ళు మాత్రం హెడ్మాస్టారి కళ్ళజోడు మీద ఉన్నాయి.

బడి హాల్లో ఏ సభ జరిగినా మైకు సెట్టు అతనిదే. పిల్లలందరికీ అతను మైకు మావయ్య.

మైకు దొరికితే పెద్దమనుషులకు ఒళ్ళు తెలియదు. పిండిమిల్లు ఆసామి ఒకసారి బడికి ఒక బీరువా ఇచ్చి, దాని గొప్పతనం గురించి పిల్లలు సొమ్మసిల్లేదాకా మాట్లాడాడు. ఆపమని చెప్పే దమ్ము ఎవరికుంది? బీరువా ఆయనదాయె.

ఆ రోజే హెడ్మాస్టారూ ఇతనూ కలిసి ఒక కిటుకు కనిపెట్టారు. ఆయన కళ్ళజోడు తీస్తారు. ఇతను సౌండు మెల్లమెల్లగా తగ్గిస్తాడు. మాట్లాడేవాడు కాసేపు గొంతు చించుకుని, ఇక లాభం లేదని కూర్చుంటాడు. పామూ చచ్చింది, కర్రా విరగలేదు.

ఈ సంగతి మూడో మనిషికి తెలియదు, అతని కూతురికి తప్ప. మిల్లు ఆసామి ఎలా బిక్కమొహం వేశాడో తండ్రి ఇంట్లో చేసి చూపిస్తే, ఆ పిల్ల పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

ఇవాళ బడికి ఈ ఏడు ఆఖరి రోజు, వీడ్కోలు సభ.

హెడ్మాస్టారు ముందుగా బడి కబుర్లు చదివారు. తండ్రులంతా కలిసి తోటకు కంచె వేశారు. ఆ మర్నాడే ఎవరో గేటు తీసి మరిచిపోతే, మేకలొచ్చి చిక్కుడు మొక్కలన్నీ మేసిపోయాయి. కొండవతల బడితో బంతాటలో మళ్ళీ ఓడారు, కాకపోతే పోయినసారంత ఘోరంగా కాదు. జనం నవ్వుకున్నారు.

తర్వాత మిల్లు ఆసామి లేచాడు. బీరువా మళ్ళీ బయటికొచ్చింది. కళ్ళజోడు ఊడింది, బటన్ తిరిగింది, ఆయన కూర్చున్నాడు.

అప్పుడు పిలిచారు, బడి విడిచి వెళ్ళే పిల్లల తరఫున మాట్లాడమని, అతని కూతుర్ని.

నోట్లో నాలుక లేని పిల్ల. బడిలో చేరిన కొత్తలో హాజరు పలకమన్నా ఏడ్చేది. అలాంటిది ఈ ఏడు తనే చెయ్యెత్తి, నేను మాట్లాడతానంది. ఎన్నాళ్ళుగానో గోడకేసి చూస్తూ వల్లె వేసుకుంటోంది. తండ్రి ఆ ఛాయలకు వస్తే టక్కున నోరు మూసుకునేది. నువ్వు సభలోనే వినాలి నాన్నా, అనేది.

వాళ్ళమ్మకు పనిలో సెలవు దొరకలేదు. పొద్దున గడపలో నిలబడి మరీ చెప్పింది, ఈ ఒక్క రోజు ఆ డబ్బాల వంక కాకుండా పిల్ల మొహం చూడు, నా వంతు కూడా నువ్వే విని రా, అని. అలాగేలే అన్నాడు.

అతను వినలేదు.

వినలేదంటే, గొంతు విన్నాడు. గరగరమంటోందా, కీచుమంటోందా, వెనక బెంచీలకు అందుతోందా, అతని చెవులకు తెలిసింది అంతే. ఇన్నేళ్ళ పనిలో మాటలు తలకెక్కడం ఎప్పుడో మానేశాయి. కూతురి గొంతు హాలంతా నిండింది. అతనికి గర్వంగానే ఉంది. కళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండేచోటే ఉన్నాయి.

హెడ్మాస్టారు కళ్ళజోడు తీశారు.

అతని వేళ్ళు తిరిగాయి. అలవాటులో పొరపాటు అంటారే, అదీ. పిల్ల కాస్త ఎక్కువసేపు తీసుకున్నట్టుంది పాపం, అని కూడా అనుకున్నాడు.

కూతురి గొంతు సన్నబడింది. ఆ పిల్ల ఆగి తండ్రి వైపు చూసింది. అంతే, సెలవు, అని దిగిపోయింది.

హాలంతా చప్పట్లు. అతనూ బటన్ వదిలి, చేతులు నొప్పెట్టేలా కొట్టాడు.

సభ అయ్యాక హెడ్మాస్టారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"మీ అమ్మాయి నన్ను ఏడిపించేసిందయ్యా. ఇంట్లో మైకు పెట్టి దాని గొంతు దానికి మొదట వినిపించింది నువ్వేనటగా. ఆ తర్వాత ఏదో చెప్పబోయింది. నేను కళ్ళు తుడుచుకునేసరికి దిగిపోయింది."

ఆయన కళ్ళజోడు ఎందుకు తీశారో అతనికి అప్పుడు అర్థమైంది. ఇంకా ఏమేం చెప్పిందని అడగబోయాడు. కన్నకూతురి మాట పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవడమేమిటని సిగ్గేసి ఊరుకున్నాడు. ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు ఏం చెప్పాలో తోచలేదు.

జనం వెళ్ళిపోయారు. బెంచీలు గోడవారకు చేరాయి. కూతురు ఎప్పటిలాగే వైర్లు చుడుతోంది.

అతను మైకు విప్పలేదు. సౌండు సరిచేసి, ఎదురుగా ఒక బెంచీ లాక్కుని కూర్చున్నాడు. నా చేతులు పడిపోను, మాస్టారు కళ్ళు తుడుచుకుంటుంటే నేను పొరబడ్డానమ్మా, అన్నాడు. మిగతాది ఇప్పుడు చెప్పు, నేనొక్కణ్ణే వింటాను, అన్నాడు.

ఆ పిల్ల మైకు దాకా వెళ్ళింది. నోరు తెరిచింది. ఖాళీ హాలు వంక చూసింది. స్విచ్ ఆపేసింది.

"నేనే సాగదీస్తున్నానేమో అనుకున్నా నాన్నా."

తప్పంతా తనదైతే, తల దించుకున్నది పిల్ల. ఆ క్షణాన అతనికి చచ్చిపోవాలనిపించింది.

తండ్రి మొహం చూసి ఆ పిల్లకు జాలేసింది. వచ్చి పక్కన కూర్చుంది.

"పోనీలే నాన్నా. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నువ్వేగా."