ఖాళీ అర

సర్వర్ ఆపకుండా డిస్కు మార్చాలంటే ఇద్దరు కావాలి. ఇంటి దగ్గర్నుంచి అక్క స్క్రీన్ మీద నొక్కితే, తియ్యాల్సిన డిస్కు పక్కన నీలం లైటు మిణుకుమంటుంది. సర్వర్ గదిలో ఒంటరిగా ఉన్న టెక్నీషియన్ దాన్నే లాగాలి. పక్కది లాగాడో, ఆ సర్వర్ మీద నడిచే పనులన్నీ గల్లంతే. అక్కంటే తోబుట్టువు కాదు, ఆఫీసులో సీనియర్. తిట్టడంలో మాత్రం తోబుట్టువుకి తీసిపోదు.

"వెలిగించాను, తియ్యి," అంది ఫోన్లో.

అట్టడుగు అర దగ్గర లైటు మిణుకుమంటోంది. లాగాడు. వచ్చింది డిస్కు కాదు, ఖాళీ అర మూయడానికి పెట్టే ఉత్త ప్లాస్టిక్ ట్రే. అతనికి నవ్వొచ్చింది.

"అక్కా, నిద్రమత్తులో ఖాళీ అర చూపించావు."

ఫ్యాన్ల హోరు మధ్య అవతల కీబోర్డు టకటకలు వినిపించాయి.

"ఖాళీ ఏంట్రా? అందులో డిస్కు ఉన్నట్టే చూపిస్తోంది. ఇంకా ఏదో రాసుకుంటూనే ఉంది."

"ట్రే నా చేతిలో ఉందక్కా."

"సరే, ముందు దాన్ని ఎక్కడిదక్కడ పెట్టెయ్." ఈసారి ఆమె గొంతులో తిట్టు లేదు.

అప్పుడు గమనించాడు, ట్రే జ్వరమొచ్చిన ఒళ్ళులా వెచ్చగా ఉంది. అరలోకి తోశాడు. సగం దాకా వెళ్ళి ఆగింది. ఇంకాస్త గట్టిగా తోశాడు.

లోపలి నుంచి ఎవరో, నొప్పి కలగకుండా, మెల్లగా వెనక్కి నెట్టారు.