ఇరవై నిమిషాలకు తడబడే ఇంజన్

"టైమెంతయిందో చూసుకున్నావా, ఉదయ్ కిరణ్?"

ఉదయ్ కిరణ్ విమానం రెక్క కింద నుంచి బయటికి రాకుండానే జవాబిచ్చాడు. "ఇంకా పావుగంట ఉందండి."

"ఉంది, ఉంది. రేపల్లె పడవ ఇంజనైతే ఈపాటికి బాగుచేసి, సముద్రం కూడా చూసొచ్చేవాడివి."

పరీక్షాధికారి పార్వతి గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వేయించిన బఠాణీలు నములుతున్నారు.

బాపట్ల శివార్లలో కొత్తగా పెట్టిన ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్ ఉద్యోగం ఒక్కటే ఉంది. ఉదయ్ కిరణ్ ఈ పరీక్ష ఇదివరకు వేరే ఊళ్లలో రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే మళ్లీ రానివ్వరు. రేపల్లెలో నాన్న పక్కన కూర్చుని పడవ ఇంజన్లు విప్పుకోవడమే. అందులో తప్పేం లేదు. కానీ చిన్నప్పటి నుంచి అతను తల పైకెత్తి చూసింది పడవల్ని కాదు.

పొద్దున పార్వతి గారు ఎక్కి వచ్చిన చిన్న విమానంతోనే పరీక్ష. కొత్త రన్‌వే మీద దిగిన మొదటి విమానం అదే. క్యాంటీన్ సుందరమ్మ దానికి దండలు కట్టి, ఘనంగా పూజ చేసి హారతిచ్చింది. ఆ తర్వాత షెడ్డులోకి తోశారు. మేడమ్ తలుపులు వేసుకుని అరగంట లోపల ఒక్కరే ఉన్నారు. పరీక్షాధికారి ఏదో ఒక లోపం పెడతారు. వచ్చినవాడు దాన్ని పట్టుకోవాలి. పద్ధతి అది.

ఫిర్యాదు కాగితం మీద ఒకే వాక్యం ఉంది. "గాల్లోకి లేచిన ఇరవై నిమిషాలకు పెట్రోలు అందక ఇంజన్ తడబడుతోంది."

అతనికంటే ముందు ఇద్దరు వెళ్లొచ్చారు. తెనాలి నరసింహం పది నిమిషాల్లో "కార్బురేటరండి" అని తేల్చేశాడు. రెండోవాడు "పంపండి" అన్నాడు. ఇద్దరికీ మేడమ్ "ఓహో, అలాగా!" అని తలూపి ఏదో రాసుకున్నారు.

ఉదయ్ ట్యాంకు అడుగు నుంచి పెట్రోలు గాజు గ్లాసులోకి పట్టి చూశాడు. నీటి చుక్క లేదు. జల్లెడ విప్పాడు. నలుసు లేదు. పంపు బాగుంది. కార్బురేటర్‌కి పెట్రోలు ధారగా వస్తోంది.

"కార్బురేటర్ అనేస్తే పోలా? నరసింహం అన్నాడుగా," అన్నారు పార్వతి గారు.

"బాగున్నదాన్ని బాగాలేదని ఎలా అంటానండి?"

"అయితే ఏ లోపమూ లేదంటావా?"

ఆ మాట అతని నోటిదాకా వచ్చింది. లోపం లేదంటే ఉద్యోగమూ లేదు.

"ఐదు నిమిషాలివ్వండి మేడమ్."

"తీసుకో. బఠాణీలు కూడా ఇంకా ఉన్నాయి."

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. పడవ మధ్యలో ఆగిపోయిందంటే నాన్న ముందు ఇంజన్ ముట్టుకోడు. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మీద నోరు పెట్టి ఊదుతాడు. లోపలికి గాలి పోకపోతే డీజిల్ బయటికి రాదు. కాసేపు నడిచాక గానీ ఆ సంగతి తెలియదు.

రెక్క కింద వేలెడు గొట్టం ఉంది. ఈ ట్యాంకు గాలి పీల్చుకునేది దాంతోనే. ఉదయ్ నోరు ఆనించి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయే గానీ గాలి కదల్లేదు. సన్నటి తీగతో గుచ్చి లాగాడు. బంతిపువ్వు కాడ ఒకటి, దాని చుట్టూ మెత్తిన పసుపు ముద్ద ఊడి కింద పడ్డాయి.

ఉదయ్ పకపకా నవ్వాడు.

"గట్టివారండి మీరు! పూజ సామానుతోనే పని కానిచ్చారా? దండ జారకుండా సుందరమ్మే మెత్తిందనుకుని వదిలేస్తాననుకున్నారు, కదూ?"

పార్వతి గారు నవ్వలేదు. బఠాణీల పొట్లం కుర్చీలో పెట్టి లేచి వచ్చారు. ఆ కాడను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత అతని కాగితం మీద 'పాస్' అని రాసి సంతకం చేశారు.

పైలట్ కరుణాకర్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "నాలుగింటికి మనం ఇందులోనే తిరిగి వెళ్లాలి కదా మేడమ్, బయటికి తీయించమంటారా?"

"ఆగండి కరుణాకర్ గారూ," అన్నారు ఆవిడ మెల్లగా. "లేనిది లేదని చెప్పే ధైర్యం ఎవరికుందో చూద్దామని, నేను ఏ లోపమూ పెట్టకుండానే ఇచ్చాను దీన్ని."