డేగను చూడ్డానికి వచ్చినాయన

కిటికీలోంచి కిందికి చూసిన సీతారత్నానికి గుండె గుభేలుమంది.

వేపచెట్టు దగ్గర ఎవరో నిలబడి, కళ్ళకి దుర్భిణి పెట్టుకుని, తిన్నగా వాళ్ళ డాబా మీదికే చూస్తున్నాడు.

డాబా మీద రేకుల గది ఉంది. దానికి అనుమతి లేదు. ఆ మాటకొస్తే మునిర్కా ఫ్లాట్లలో డాబా మీద గది వేసుకున్న ఎవరికీ అనుమతి లేదు. కానీ అది ఏషియాడ్ ఆటలు జరగబోతున్న ఏడాది. దేశ రాజధానిని అందంగా చేయాలని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. ఇలాంటి గదులు కూలగొట్టే సుత్తులవాళ్ళు ఒక్కో బ్లాకూ చక్కబెట్టుకుంటూ వస్తున్నారు.

ఆ గదిలో ఆవిడ తమ్ముడు రామచంద్ర సివిల్స్‌కి చదువుతున్నాడు. ఇంతకుముందు రాసి తప్పాడు. ఇక మిగిలింది ఈ ఒక్కసారే. జూన్‌లో పరీక్ష. తల్లి లేని తమ్ముడంటే సీతారత్నానికి ప్రాణం. పరీక్ష అయ్యేదాకా ఆ గది నిలబడితే చాలని ఆవిడ మొక్కని దేవుడు లేడు.

"ఏమండీ, వచ్చేశారు" అంది భర్తతో.

పాపయ్య పేపరు దించి తొంగిచూశాడు. "దుర్భిణి దేనికో? సుత్తి కదా తెచ్చుకోవాలి."

"మీ హాస్యం తర్వాత. వెళ్ళి మర్యాదగా పైకి పిలుచుకు రండి."

వచ్చినాయన పేరు లింగయ్య. కరీంనగర్ వైపు మనిషి. సీతారత్నం ఫిల్టరు కాఫీ ఇచ్చింది. పెసరట్లు వేసింది. అట్టు మీద నెయ్యి వడ్డిస్తూ మెల్లగా అడిగింది.

"ఆఫీసు పని మీద వచ్చారా అన్నయ్యగారూ?"

"ఆఫీసు సంగతి ఇప్పుడెందుకమ్మా. నేను డేగ కోసం వచ్చిన."

"ఏ డేగ?"

"మీ వేపచెట్టు మీద గూడు కడుతున్నది. చిన్న డేగ. ఇక్కడోళ్ళు షిక్రా అంటరు. రేపో మాపో గుడ్లు పెడతది. వానలు పడేదాంక పిల్లలు ఎగరవు. అప్పటిదాంక ఇక్కడ చప్పుడు కావొద్దు."

సీతారత్నం నెయ్యి గిన్నెకి మూత పెట్టేసింది.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. కాఫీ కాస్తా టీ అయింది, టీ మంచినీళ్ళయింది. లింగయ్య అదేమీ గమనించలేదు. డాబా గోడకి ఆనుకుని, మంచినీళ్ళు కూడా అంతే ఇష్టంగా తాగుతూ, పాపయ్యకి పాఠం చెప్పేవాడు.

"పెద్దగున్నది ఆడది. చిన్నగున్నది మొగది. వేటాడి తెచ్చుడు మొగదాని పని. బల్లినో పిచ్చుకనో పట్టుకొచ్చి, దూరంగ కూసొని పిలుస్తది. ఆడది పోయి గుంజుకుంటది. మొగది గూటికాడ ఊకె తిరిగితే తరిమికొడతది."

పాపయ్య చేతిలో కూరల సంచీ ఉంది. మనిషి భార్య భుజం దాకా వస్తాడు.

"ఇందులో కొత్తేముందండీ, మా ఇంట్లో..." అంటూ సీతారత్నాన్ని చూసి ఆపేశాడు. సంచీ ఆవిడ చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

ఆవిడ ఆ మంటలో ఉండగానే రామచంద్ర గదిలోంచి బయటికొచ్చాడు. చెవుల్లో దూది ఉంది.

"అక్కా, తెల్లారకముందే ఈ డేగ కికీ కికీ మొదలుపెడుతుంది. దాన్ని తరమడానికి ఊళ్ళో కాకులన్నీ వస్తాయి. నేను పానిపట్టు యుద్ధం చదవక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు. ఈసారి కూడా తప్పితే నన్నేమీ అనకు."

సీతారత్నం వెంటనే డాబా గోడ దగ్గరికి నడిచింది.

"చూడండి, ఇక మీరు రావద్దు" అంది లింగయ్యతో. "మావాడి చదువు పాడవుతోంది."

"నేను రానమ్మా. పిట్ట బెదరకుండ చూసుకోండ్రి, అంతే చాలు. మీ తమ్ముని మంచికే చెప్తున్న."

"పిట్టకీ మావాడికీ ఏమిటండీ సంబంధం?"

ఆయన రేకుల గది వైపు ఓసారి, గూడు వైపు ఓసారి చూశాడు. దుర్భిణి మెడలో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, సీతారత్నం ఇత్తడి పళ్ళెం, అట్లకాడ పట్టుకుని డాబా ఎక్కింది. ఆ రోజంతా వాయించింది. మర్నాడూ వాయించింది. గూట్లో ఇంకా గుడ్లు లేవేమో, డేగలు రెండూ మొహమాటపడకుండా ఇల్లు మార్చేశాయి. ఎదురు బ్లాకు పంజాబీ ఆంటీ కూడా అనుమతి లేకుండానే బాల్కనీని పొడిగించి వంటగది కట్టుకుంది. దాని పక్కన నేరేడు చెట్టు మీద కొత్తగా పుల్లలు పేర్చడం మొదలుపెట్టాయి.

"ఇప్పుడు హాయిగా ఉందక్కా" అన్నాడు రామచంద్ర దూది తీసేసి.

సీతారత్నం పాయసం వండింది.

ఆ సోమవారం లారీ వచ్చింది. సుత్తులవాళ్ళు దిగి, తిన్నగా వీళ్ళ డాబా ఎక్కారు.

"సామాను తీసెయ్యండి దీదీ" అన్నాడు మేస్త్రీ.

రామచంద్ర పుస్తకాలు పొదివి పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. రేకులు ఒక్కొక్కటే దిగుతుంటే సీతారత్నానికి ఏడుపు ఆగలేదు.

"పరీక్ష దగ్గరికొచ్చేసింది భయ్యా. ఇన్నాళ్ళూ రానివాళ్ళు ఇప్పుడే రావాలా?"

"మీ గది వంతు ఎప్పుడో వచ్చింది దీదీ. మా పెద్దసాబే ఆపి ఉంచారు. చెట్టు మీద గూడుంది, పిల్లలు ఎగిరాక చూద్దాం అన్నారు. ఇప్పుడు గూడు ఖాళీయే కదా."

"మరి ఆ ఆంటీ వంటగది? అది కూలగొట్టరా?"

"ఇవ్వాళ దాని వంతే. పొద్దున్నే వద్దన్నారు. వానలు పడేదాకా ముట్టుకోవద్దట."

"ఎవరయ్యా మీ పెద్దసాబ్?"

మేస్త్రీ సుత్తితో కిందికి చూపించాడు.

నేరేడు చెట్టు నీడలో, పంజాబీ ఆంటీ ఇచ్చిన లస్సీ గ్లాసు చేత్తో పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి కొమ్మల్లోకి చూస్తున్నాడు లింగయ్య.