బొంత మీద మొహం

గేటు చప్పుడైంది. భార్య బేబీ చర్చిలో ఆడవాళ్ళ కూటానికి వెళ్ళిపోయిందని రూఢి చేసుకున్నాక, దేవదానం ఆమె కుడుతున్న బొంత పరిచి కత్తెర అందుకున్నాడు.

బొంత నిండా ఒకటే ఆఫ్రికా మాస్కు. సన్నటి కళ్ళు, పొడుగు ముక్కు, చెంపల మీద గీతలు. నైజీరియాలో మొగుడూ పెళ్ళాలు బడిపంతుళ్ళుగా ఉన్న రోజుల్లో, అక్కడి పండగల్లో చూసిన మొహమే అది. గుడ్డముక్కలు కూడా అక్కడివే. ఆ నీలం పేలిక చేతికి తగిలితే చాలు, బడి ముందరి ఎర్రమట్టి దారి, డప్పుల మోత, వెంటపడి పరుగెత్తే పిల్లలు, అన్నీ గుర్తొచ్చేవి. ఆ రోజులంటే అతనికి ప్రాణం.

తొంభై ఆరులో రిటైరై కె.ఆర్.పురం వచ్చాక అతను ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలా పడుకున్న ఒకనాడు, బేబీ గోడకు తగిలించిన బొంతలో కుట్లు వంకర పోవడం చూశాడు. వేళ్ళు పట్టేస్తున్నాయని ఆమె అంది కూడా. ఆ చెయ్యి ఎంత కుదురైనదో అతనికి తెలుసు. ఆ వంకర ఆమె కంటపడితే ఇక సూది పట్టదేమోనని భయపడి, ఆమె లేనప్పుడు ఆ కుట్లు విప్పి తనే వేయడం మొదలుపెట్టాడు. మొదట్లో వేళ్ళ నిండా సూదిపోట్లు. రెండేళ్ళు తిరిగేసరికి ఏ కుట్టు ఎవరిదో పోల్చుకోలేనంతగా చెయ్యి తిరిగింది. ఇప్పుడు కూనిరాగాలు కూడా తీస్తున్నాడు.

బొంత పూర్తయి చేతిపనుల ప్రదర్శనకు వెళ్ళింది, మొగుడూ పెళ్ళాలూ వెళ్ళారు. చూడవచ్చిన వరూధిని అనే అమ్మాయి ఇంత సన్నకుట్టు ఒక్కరే వేశారా అని అడిగింది. దేవదానం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

బేబీ నవ్వింది. "ఆడ మేముండే ఊర్లో ఇట్లా మొగం తొడుక్కొని ఆడేవాడు ఎవురో అందరికీ తెలుసమ్మా. కాళ్ళు చూస్తానే పెండ్లాం పట్టేస్తాది. అయినా పేరు చెప్పకూడదు. ఎవురో కొత్తోనికి ఇచ్చినట్ల నీళ్ళిస్తాది."

దేవదానం తలెత్తలేకపోయాడు. ఆమెకు తెలిసిపోయిందన్నమాట.

బస్సులో వస్తూ, ఇంకో బొంత మొదలుపెడతావా అని బెరుగ్గా అడిగాడు.

"పెట్టక? ఈ మొగానికి జోడీ కుట్టాల గదా."

తెలిసీ తన గుట్టు దాచిందని అతనికి కళ్ళు చెమర్చాయి. మర్నాడు ఈల వేసుకుంటూ పాలకు బయల్దేరాడు.

అతను మలుపు తిరగగానే బేబీ చకచకా సూదికి దారమెక్కించి, కావాలనే వంకరగా కుట్టింది.