కొత్త పేరు కారు

“ఏరా అల్లుడూ, దిగుతావా, కార్లోనే కాపురం పెడతావా?” అన్నాడు దశరథరామయ్య, తెనాలిలో తన ఇంటి ముందు నిలబడి.

లోపల పాండురంగారావు స్టీరింగు వదల్లేదు. కొత్త కారులో వస్తేనే కూతురు వసుంధరనిస్తానన్నాడు మేనమామ. ఆ ఏడు కంపెనీవాళ్లు పాత మోడల్నే కాస్త మార్చి కొత్త పేరు పెట్టారు. ఆ పేరున్న బండిని బాపట్ల బ్రోకరు దగ్గర చవగ్గా కొని, షోరూం నుంచి తెచ్చానని కోతలు కోశాడు.

తలుపేమో లోపల్నుంచి రాదు. బయట మోకాలితో తోసి, పిడి పైకెత్తి లాగాలి. ఆ మాట చెబితే పిల్ల దక్కదు.

“సీటు మెత్తగా ఉంది మావయ్యా. కాసేపుంటా.”

“ఉండు, ఉండు. వసూ, బావకి కాఫీ కిటికీలోంచి అందించు.”

కాఫీ అయిపోయింది. ఇక సాకుల్లేవు. దశరథరామయ్య తాపీగా వచ్చి, మోకాలితో తోసి, పిడి పైకెత్తి లాగాడు. తలుపు తెరుచుకుంది.

“ఈ కిటుకు నీకెట్టా తెలుసు మావయ్యా?”

“పదేళ్లు మీ అత్తని ఇట్టాగే దింపానురా. రంగేయించి, కొత్త పేరు రేకు కొట్టించి బ్రోకరుకిచ్చింది నేనే. కొన్న తెలివిగలాడు ఎవడా అనుకుంటున్నా.”

పాండురంగారావు కారు దిగాడు. వసుంధర ఖాళీ గ్లాసు అందుకుంది.

“కొత్త కారైతే పిల్లనిస్తానన్నదీ నువ్వే, ఇది కొత్తదని రేకు కొట్టించిందీ నువ్వే. ముహూర్తం పెట్టించు నాన్నా.”